తోలు పోతే రేపు పనికెట్ల పోతవ్? బండ పగుళ్ళు ఎక్కినవాళ్ళ చేతుల కథ

ముందు నా కుడిచెయ్యి చూడండి. వీడియో చూసేవాళ్ళకి కనిపిస్తోంది, చదువుతున్నవాళ్ళకి మాటల్లో చెప్తా. చేతి వెనకవైపు, చూపుడువేలి మెటిక కింద, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. దాని వయసు నాలుగేళ్ళు. హైదరాబాద్ శివార్లలో ఒక గుట్ట మీద, నిలువునా చీలిన గ్రానైట్ బండ దగ్గర ఇది నాకు దక్కింది.

ఆ రోజు పైనుంచి తాడు కట్టి ఉంది, కింద తాడు పట్టుకునే మనిషి ఉన్నాడు, ప్రాణానికి ఢోకా లేదు. పగుల్లో చేతులు దూర్చి ఓ ఇరవై అడుగులు ఎక్కాలి, అంతే. చేతులకి టేపు చుట్టుకో అని మావాళ్ళు చెప్పారు. యూట్యూబ్‌లో నేను చూసిన హీరో వట్టి చేతులతో ఎక్కాడు, నాకూ వట్టి చేతులే చాలు అన్నా. పన్నెండు అడుగుల దగ్గర కాలు జారింది. చెయ్యి పగుల్లో ఇరుక్కునే ఉంది, ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగిపోయింది. కొబ్బరికోరుకి చెయ్యి ఆనించి లాగినట్టు తోలు ఊడొచ్చింది.

కిందకి దిగి నీళ్ళు పోసుకుంటుంటే, ఆ గుట్ట అవతల రాళ్ళు కొట్టే పనికి వచ్చిన పెద్దాయన ఒకాయన ఆగి చూశాడు. "ఏం బిడ్డా, బండ కొరికిందా?" అన్నాడు. "అవును తాతా" అన్నా. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "తోలు పోతే రేపు పనికెట్ల పోతవ్?" అని అడిగాడు. నాది కంప్యూటర్ ముందు కూర్చునే పని తాతా అని నవ్వేశా. మూడోరోజుకి పుండు చీము పట్టింది. రెండు వారాలు మందులు, ఎడమచేత్తో టైపింగ్. గ్రానైట్‌కి వేళ్ళ కొసలు కూడా అరిగిపోయి ఫోన్ నా వేలిముద్రని గుర్తుపట్టనంది, నా ఫోన్ నాకే తెరుచుకోలేదు. అప్పుడు అర్థమైంది, ఆయన అడిగింది ఊరికే అడగలేదని.

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ప్రశ్న మీదే. గరుకు బండల్లో పగుళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు చేతులకి ఏం వేసుకోవాలి? వట్టి చేతులా, టేపా, రబ్బరు గ్లౌజులా? షాపింగ్ ప్రశ్నలా వినిపిస్తుంది కదా. దీని వెనక నూరేళ్ళకి పైబడిన చరిత్ర ఉంది, ఫ్రెండ్స్. అందులో జర్మనీ ఇసుకరాయి ఉంది, మాంచెస్టర్‌లో పైపులు బిగించే కుర్రాడున్నాడు, మన దేశం సరిహద్దులో ఉన్న కాంచన్‌జంగ ఉంది, ఆఖరికి మనింట్లో వేసే సాంబ్రాణి కూడా ఉంది.

ముందు అసలు పగులు ఎలా ఎక్కుతారో చెప్పాలి. మామూలుగా బండ ఎక్కడమంటే ఏదో ఒక అంచు పట్టుకుని పైకి లాక్కోవడం అనుకుంటాం. పగుల్లో పట్టుకోడానికి ఏమీ ఉండదు. రెండు గోడలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మన చెయ్యే మేకులా బిగుసుకోవాలి. దీన్నే జామింగ్ అంటారు. గాజులు తొడిగించుకోవడం చూసే ఉంటారు మీరు. గాజులమ్మే ఆవిడ బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చేతి వెడల్పు తగ్గించి గాజుని లోపలికి తోస్తుంది. హ్యాండ్ జామ్‌లో కూడా బొటనవేలిని అరచేతిలోకే మడుస్తాం, కానీ మనకి కావలసింది వేరు. చేతిని పలచగా పగుల్లోకి పోనిచ్చి, లోపలికి వెళ్ళాక బొటనవేలు ముడుస్తాం. అప్పుడు వెడల్పు తగ్గి మందం పెరుగుతుంది. బొటనవేలి మొదట్లో ఉండే కండ ఉబ్బి ఒక గోడని నొక్కుతుంది, చేతి వెనకభాగమూ మెటికలూ రెండో గోడని నొక్కుతాయి. చెయ్యి దిగబడిపోతుంది. పగులు ఇంకొంచెం వెడల్పుగా ఉంటే పిడికిలి బిగిస్తాం. కుండలో శనగల కోసం చెయ్యిపెట్టి, పిడికిలి విప్పక ఇరుక్కుపోయిన కోతి కథ ఉంది కదా, అదే ఫిస్ట్ జామ్. కోతికి అది ఖర్మ, మాకు అది టెక్నిక్.

ఇక్కడొక విషయం గమనించండి, తర్వాత పనికొస్తుంది. తోలు పోయేది అరచేతిలో కాదు. చేతి వెనకభాగం, మెటికలు, బొటనవేలి పక్క, మణికట్టు పైన. బండకి ఒరుసుకునేవి ఇవే.

సరే, జర్మనీకి వెళ్దాం. డ్రెస్డెన్ పట్టణం పక్కన, ఎల్బే నది ఒడ్డున, ఇసుకరాయి స్తంభాలు వందల్లో ఉంటాయి. 1890లకే అక్కడ కుర్రాళ్ళు గట్టిగా ఎక్కుతున్నారు. ఫాల్కెన్‌స్టైన్ అనే పెద్ద బండ మీద ఆస్కార్ షుస్టర్ 1892లో వేసిన దారి ఇవాళ్టికీ జనం ఎక్కుతారు. ఆ ఇసుకరాయి మెత్తన. ఇనుప సామాను దూరిస్తే బండే విరుగుతుంది. అందుకని అక్కడ కట్టుబాట్లు గట్టివి. పగుల్లో రక్షణ కోసం లోహం పెట్టకూడదు, తాడుకి ముడులు వేసి ఆ ముడినే పగుల్లో ఇరికించాలి. చెమట పట్టకుండా చేతికి రాసుకునే సుద్దపొడి కూడా నిషేధం. ఈ నియమాలు ఇప్పటికీ ఉన్నాయి. బండకి దెబ్బ తగలకూడదన్నది అక్కడి మొదటి సూత్రం. మరి చేతికి తగిలితే? అది నీ గొడవ.

ఆ బడిలో చదువుకున్నవాడే ఫ్రిట్జ్ వీస్నర్. 1900లో డ్రెస్డెన్‌లో పుట్టాడు, 1929లో అమెరికా వెళ్ళాడు. 1937లో వయోమింగ్ రాష్ట్రంలో డెవిల్స్ టవర్ అనే రాతిస్తంభాన్ని ఇద్దరు మిత్రులతో కలిసి ఎక్కాడు. ఆకాశంలోకి పెన్సిళ్ళు కట్టగట్టి నిలబెట్టినట్టు ఉంటుందది, ఫొటో చూస్తే మర్చిపోలేరు. ఆ పెన్సిళ్ళ మధ్య ఒక వెడల్పాటి పగులు పట్టుకుని పైకి వెళ్ళాడు. దారి మొత్తంలో ఒకే ఒక్క ఇనుపమేకు కొట్టాడు. ఆ ఒక్కటీ కొట్టకుండా ఉండాల్సిందని తర్వాత బాధపడ్డాడు. చూశారా, ఆ కాలం మనిషికి మేకు గురించి పశ్చాత్తాపం ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కీ షెఫీల్డ్‌కీ మధ్య పీక్ డిస్ట్రిక్ట్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రాయి పేరు గ్రిట్‌స్టోన్. పూర్తి పేరు మిల్‌స్టోన్ గ్రిట్, అంటే తిరగలిరాయి. పేరు ఊరికే రాలేదు. ఆ రాయితో తిరగళ్ళు చెక్కేవాళ్ళు. స్టానేజ్ అనే చోట, బండ వరస కింద, చెక్కి వదిలేసిన తిరగలిరాళ్ళు ఇప్పటికీ గడ్డిలో పడున్నాయి. గింజల్ని పిండి చేయడానికి ఏరుకున్న రాయి అది. మన చేతి తోలుని వదులుతుందా?

ఆ రాయి మీదకి 1940ల చివర్లో ఒక కుర్రాడొచ్చాడు. పేరు జో బ్రౌన్. 1930లో మాంచెస్టర్‌లో పుట్టాడు. ఏడాది నిండకముందే తండ్రి పోయాడు. ఏడుగురు పిల్లల్లో చివరివాడు. తల్లి బట్టలుతికి ఇల్లు నడిపింది. పద్నాలుగేళ్ళకే బడి మానేసి ప్లంబింగ్, ఇళ్ళ రిపేర్ల పనిలో చేరాడు. మొదట్లో ఎక్కడానికి వాడిన తాడు కూడా అమ్మ బట్టలు ఆరేసే పాత తాడేనంటారు. ఇంకో కుర్రాడు డాన్ విలాన్స్, 1933లో పక్కనే సాల్ఫోర్డ్‌లో పుట్టాడు, అతనూ ప్లంబరే. వీళ్ళంతా కలిసి 1951లో రాక్ అండ్ ఐస్ అని క్లబ్ పెట్టుకున్నారు. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో కొండలెక్కడమంటే ఎక్కువగా చదువుకున్న, డబ్బున్నవాళ్ళ సరదా. వీళ్ళొచ్చి ఆ దొరలు ఎక్కలేకపోయిన పగుళ్ళు ఎక్కేశారు.

హ్యాండ్ జామ్‌ని బ్రౌన్ కనిపెట్టలేదు, అంతకుముందే ఉంది. కానీ దాన్ని ఒక కళగా మార్చింది అతనే అని అందరూ ఒప్పుకుంటారు. చేతిని పగుల్లో ఎక్కడ పెట్టాలి, ఏ కోణంలో పెట్టాలి, పెట్టాక కదలకుండా బరువు ఎలా వెయ్యాలి అన్నది అతనికి చేతికొచ్చిన విద్య. కాళ్ళకి చవక కాన్వాస్ బూట్లు, చేతికి తన తోలే.

ఇక్కడ నేను నా సొంత ఊహ ఒకటి చెప్తా, ఊహ అనే తీసుకోండి. వారమంతా స్పానర్ పట్టుకుని బతికే మనిషికి ఆదివారం సాయంత్రం చేతులు పుళ్ళయితే సోమవారం కూలి పోతుంది. తాత నన్నడిగిన ప్రశ్నే. అలాంటి మనిషి జామ్ పెట్టేటప్పుడు తోలు పోకుండా పెట్టడం నేర్చుకోక ఏం చేస్తాడు? పగుల్లో చెయ్యి సరిగ్గా కూర్చుంటే అది కదలదు. కదలకపోతే ఒరుసుకోదు. ఒరుసుకోకపోతే తోలు పోదు. నా చెయ్యి ఎందుకు చీరుకుపోయిందంటే, జామ్ సగం సగం పెట్టి, కాళ్ళమీద బరువు వెయ్యకుండా చేతులతో లాగి, జారినప్పుడు చెయ్యి లోపల తిప్పాను కాబట్టి. అంటే మొట్టమొదటి గ్లౌజు టెక్నిక్కే. అది కొనలేం.

బ్రౌన్ ఆ విద్యని ఎక్కడిదాకా తీసుకెళ్ళాడో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1955 మే 25. చార్లెస్ ఎవాన్స్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కాంచన్‌జంగ మీద ఉంది. 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం. ఒకవైపు మన సిక్కిం, ఒకవైపు నేపాల్. అప్పటికి దాన్ని ఎవరూ ఎక్కలేదు. జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ ఇద్దరూ శిఖరానికి కాస్త కిందకి చేరారు. టైం అయిపోతోంది. ఎదురుగా ఓ ఇరవై అడుగుల రాతిగోడ, దాన్లో నిలువు పగుళ్ళు. మంచుకొండల మీద పెరిగినవాళ్ళు అలాంటిది చూస్తే చుట్టూ తిరిగి దారి వెతుకుతారు. బ్రౌన్ మాంచెస్టర్ మనిషి. ఆక్సిజన్ ఎక్కువగా వదులుకుని, పగుల్లో చేతులు ఇరికించి ఎక్కేశాడు. తిరగలిరాయి మీద నేర్చిన విద్య ఎనిమిదిన్నర వేల మీటర్ల ఎత్తున పనికొచ్చింది. పైన చూస్తే శిఖరం కొన్ని అడుగుల దూరంలో ఉంది. ఆ కొండని దైవంగా కొలిచే సిక్కిం రాజుకి ఇచ్చిన మాట ప్రకారం శిఖరాగ్రం మీద కాలు పెట్టకుండా అక్కడే ఆగిపోయారు. మర్నాడు ఎక్కిన హార్డీ, స్ట్రీథర్‌లకి ఆ గోడ పక్కనుంచే తేలిక దారి దొరికిందట! నాకు ఈ కథలో ఆ ముక్క చాలా ఇష్టం.

(చిన్న పక్కదారి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది 2014 మే 25న. అదే తేదీ. ఆ అమ్మాయి మొదట బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి కోట గుట్ట మీద. సరే, మళ్ళీ దారిలోకి వస్తా.)

ఇక అమెరికా. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ. 'ఫ్రీ సోలో' సినిమా చూసినవాళ్ళకి ఎల్ క్యాపిటన్ గోడ గుర్తుండే ఉంటుంది. అక్కడి గ్రానైట్ చాలాచోట్ల హిమానీనదాలు పాలిష్ పట్టినట్టు నున్నగా ఉంటుంది. మొదటి తరం వాళ్ళు పగుళ్ళల్లోకి ఇనుపమేకులు కొట్టుకుంటూ వెళ్ళారు. ఒకడు కొడతాడు, తర్వాతవాడు ఊడబీకుతాడు, ఆ తర్వాతవాడు మళ్ళీ కొడతాడు. ఇలా కొట్టీ కొట్టీ పగుళ్ళ అంచులు పగిలి గుంటలు పడ్డాయి. 1972లో ఇవాన్ షునార్డ్ కంపెనీ, మేకులమ్మి బతికే కంపెనీయే, తన కేటలాగ్‌లో మేకులు మానేద్దాం అని రాసింది. బండకి గాయం కాకుండా, చేత్తో పెట్టి చేత్తో తీసే లోహపు ముక్కలు వాడదామంది. అదే క్లీన్ క్లైంబింగ్. వింత ఏంటంటే, సెరెనిటీ క్రాక్ లాంటి దారుల్లో ఇప్పటి జనం వేళ్ళు దూర్చేది ఆ పాత మేకుల గుంటల్లోనే.

ఇక్కడ లెక్క మారిందని నాకనిపిస్తుంది. బండ దెబ్బలు తినడం తగ్గింది, చెయ్యి దెబ్బలు తినడం పెరిగింది. ఎందుకంటే వట్టి చేతులతో, కాళ్ళతో ఎక్కడమే ఇక గౌరవం. 1976లో ఉటా ఎడారిలో, ఇండియన్ క్రీక్ అనేచోట, ఎర్ల్ విగ్గిన్స్, ఎడ్ వెబ్‌స్టర్, బ్రయన్ బెకర్ ముగ్గురూ సూపర్‌క్రాక్ ఎక్కారు. కత్తితో కేకు కోసినట్టు, కిందనుంచి పైదాకా ఒకే వెడల్పు పగులు. రెండేళ్ళకి, 1978లో, రే జార్డైన్ తయారుచేసిన 'ఫ్రెండ్స్' మార్కెట్‌లోకి వచ్చాయి. స్ప్రింగుతో విచ్చుకుని సమాన వెడల్పు పగుల్లోనూ పట్టుకునే పరికరాలివి. అప్పటిదాకా ఇలాంటి పగుల్లో పడితే ఆపడానికి నమ్మకమైన సామాను దాదాపు లేదు. ఫ్రెండ్స్ వచ్చాక భయం తగ్గింది. భయం తగ్గితే రోజుకి ఒకటి కాదు, ఐదారు ఎక్కుతారు. అప్పుడు ముందు అయిపోయేది బలం కాదు, తోలు.

అక్కడ టేపు రంగంలోకి వచ్చింది. ఆస్పత్రి నుంచి, ఆటల మైదానం నుంచి వచ్చిన తెల్లటి గుడ్డ టేపు. మన మెడికల్ షాపుల్లో దొరికే జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్ కుటుంబమే. హాంబర్గ్‌లోని బయర్స్‌డార్ఫ్ కంపెనీ ల్యూకోప్లాస్ట్ తెచ్చింది 1901లో. గాయం అయ్యాక వేసే వస్తువుని గాయం కాకముందే వేసుకోవడం, అదీ క్లైంబర్లు చేసింది. 1970ల యోసెమిటీలో చేతి వెనకంతా టేపుతో కప్పి, వేళ్ళ చుట్టూ తిప్పి, మణికట్టు దగ్గర బిగించి, అరచేయి ఖాళీగా వదిలేసి గ్లౌజులా చేసుకునేవాళ్ళు.

చెమటకి టేపు ఊడిపోతుంది కదా? దానికి వాళ్ళు ముందు చేతికి ఒక మందు రాసేవాళ్ళు. గోధుమరంగు ద్రవం, టింక్చర్ బెంజాయిన్. తోలు గట్టిపడుతుంది, టేపు జిగురుగా అంటుకుంటుంది. ఈ బెంజాయిన్ ఏంటో తెలుసా? మనింట్లో పసిపిల్లలకి తలంటి పోశాక జుట్టుకి పొగ వేసే సాంబ్రాణి! సుమత్రా వైపు పెరిగే స్టైరాక్స్ చెట్ల బంక. అరబ్బు వర్తకులు దాన్ని 'లుబాన్ జావీ' అన్నారు, జావా ధూపం అని. ఆ మాటే యూరప్ నోళ్ళల్లో నలిగి నలిగి బెంజాయిన్ అయింది. నేను మొదటిసారి ఆ సీసా మూత తియ్యగానే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. కాలిఫోర్నియా బండ మీద కుర్రాడి చేతికీ, మన ఇంట్లో పసిబిడ్డ తలకీ ఒకటే వాసన.

టేపు అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. గ్రిట్‌స్టోన్ పాతకాపులు చాలామంది టేపు చుట్టుకున్నవాణ్ణి చూసి ముఖం చిట్లించేవాళ్ళు. తోలు పోగొట్టుకోవడం కూడా ఆటలో భాగమే అన్నది వాళ్ళ వాదం. నాకు ఈ వాదం సగమే నచ్చుతుంది. సుద్దపొడిని జాన్ గిల్ అనే ఆయన 1950లలో జిమ్నాస్టిక్స్ నుంచి తెచ్చాడు, అప్పుడూ గొడవే. 1980ల మొదట్లో స్పెయిన్‌కి చెందిన బోరియాల్ కంపెనీ జిగురు రబ్బరుతో ఫిరే అనే బూట్లు తెచ్చింది, అప్పుడూ గొడవే. కాళ్ళకి జిగురు రబ్బరు వేసుకుని నా చేతి టేపుని మోసం అనేవాడితో నేనేం వాదించను? కానీ ఒక మాట మాత్రం వాళ్ళది నిజం. టేపు నొప్పిని దాచేస్తుంది. చెడ్డ జామ్ కూడా మంచి జామ్‌లాగే అనిపిస్తుంది. నొప్పి చెప్పే పాఠం వినపడదు.

ఆ జిగురు రబ్బరే తర్వాత కాలినుంచి చేతికి ఎక్కింది. పలచటి గ్లౌజు, అరచేయి ఖాళీ, చేతి వెనక మొత్తం బూటు రబ్బరు, మణికట్టు దగ్గర వెల్‌క్రో. ఇసుకరాయి పగుళ్ళకి పుట్టిల్లయిన చెక్ దేశంలో ఓచున్ అనే కంపెనీ చేసినవి బాగా పేరుపడ్డాయి. షెఫీల్డ్‌లో టామ్ రాండాల్, పీట్ విటాకర్ అని ఇద్దరున్నారు, వైడ్ బాయ్జ్ అంటారు. టామ్ ఇంటి నేలమాళిగలో చెక్కలతో నకిలీ పగుళ్ళు కట్టుకుని రెండేళ్ళు తలకిందులుగా వేలాడి ప్రాక్టీసు చేసి, 2011లో ఉటా వెళ్ళి సెంచరీ క్రాక్ ఎక్కారు. పైకప్పులా అడ్డంగా ఉండే భయంకరమైన వెడల్పు పగులది. ఇప్పుడు వాళ్ళ పేరుతోనే గ్లౌజులు అమ్ముతున్నారు. అమ్మ బట్టలతాడుతో మొదలైన ఊరి పక్కనే, చూడండి, కథ ఎక్కడికొచ్చిందో.

అయితే గ్లౌజే గొప్ప అనుకోకండి. 1993లో లిన్ హిల్ ఎల్ క్యాపిటన్ మీద 'ది నోస్' దారిని పరికరాలకి వేలాడకుండా ఎక్కిన మొదటి మనిషి. ఆడా మగా అందర్లో మొదటి మనిషి. అక్కడ గ్రేట్ రూఫ్ దగ్గర పగులు ఎంత సన్నమంటే, మగవాళ్ళ వేళ్ళు చాలామందివి దూరవు. ఆమె వేళ్ళు దూరాయి. 2008లో బెత్ రాడెన్ ఎక్కిన మెల్ట్‌డౌన్ కూడా వేలి కొసల పగులే. అలాంటి చోట మీ చేతికి అరమిల్లీమీటరు మందం పెరిగినా నష్టమే. చెయ్యి చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి ఒకే పగులు ఒకరికి సింహాసనం, ఇంకొకరికి చిత్రహింస.

ఇప్పుడు మన బండల సంగతి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. యోసెమిటీ గ్రానైట్ దీని ముందు నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, పది కోట్ల ఏళ్ళ లెక్కది. మన దగ్గర పాలిష్ పట్టడానికి హిమానీనదం రాలేదు. ఎండకీ వానకీ పైపొర రాలి, గట్టి స్ఫటికాలు పళ్ళలా పైకి తేలి ఉంటాయి. అమెరికాలో జాషువా ట్రీ, వయోమింగ్‌లో వెడవూ బండలు ఇలాంటివే. వెడవూ పేరు చెబితే తోలు దాచుకుంటారు అక్కడివాళ్ళు. అందుకే నున్నటి రాయి మీద వట్టి చేతుల వీడియో చూసి మన రాయి మీద దిగితే నా గతే అవుతుంది.

నేను ఆ పుండు మానాక చేసిన రెండో తెలివితక్కువ పని, బైక్ గ్లౌజులు వేసుకోవడం. మన దగ్గర చాలామంది చేస్తున్నారు కాబట్టి చెప్తున్నా. బైక్ గ్లౌజుకి మెత్త అరచేతిలో ఉంటుంది. మనకి కావలసింది వెనకవైపు. పైగా వదులుగా ఉండి, జామ్ పెట్టగానే లోపల చెయ్యి జారుతుంది, గ్లౌజు మాత్రం పగుల్లో ఉంటుంది. మేస్త్రీలు వేసుకునే రబ్బరు పూత గ్లౌజుదీ అదే కథ.

మొదటిసారి ఎక్కేవాళ్ళకి నా మాట: చేతి మందం, పిడికిలి మందం ఉన్న పగుళ్ళయితే రబ్బరు గ్లౌజు వేసుకోండి, సిగ్గుపడకండి. చేతికి తోలులా అతుక్కోవాలి, వదులుంటే చిన్న సైజు చూడండి. ధర ఎక్కువే, కానీ రోజూ టేపు తగలేసే ఖర్చుతో పోలిస్తే కొన్ని నెలల్లో గిట్టుబాటవుతుంది. ఎక్కాక ఆరబెట్టండి, బ్యాగులో మూసిపెడితే వచ్చే వాసన గురించి నేను చెప్పను. పగులు సన్నగా, చెయ్యి అతి కష్టం మీద దూరేలా ఉంటే గ్లౌజు తీసేసి, మెటికల మీద ఒకటే పొర టేపు. వేళ్ళ పగులయితే మెటికల చుట్టూ సన్నటి టేపు, లేదా ఏమీ వద్దు.

టేపు చుట్టేటప్పుడు పిడికిలి బిగించి ఉంచండి. చెయ్యి చాపి చుట్టుకుంటే పిడికిలి బిగించగానే రక్తం ఆగి వేళ్ళు నీలంగా అవుతాయి. చేతి వెనక వెంట్రుకలుంటే ముందే గీసుకోండి, లేకపోతే సాయంత్రం టేపు పీకేటప్పుడు ఏడుస్తారు. తీసేశాక ఆ టేపు గుట్ట మీద పారెయ్యకండి. వారానికొకసారైనా వట్టి చేతులతో, తేలిక పగులు మీద, నెమ్మదిగా నాలుగు జామ్‌లు పెట్టి చూడండి. ఎక్కడ మండుతుందో అక్కడ మీ జామ్ తప్పు.

ఇది మాత్రం చేతులు జోడించి చెప్తున్నా. ఉంగరాలు తీసెయ్యండి. పెళ్ళి ఉంగరమైనా, జాతకం ఉంగరమైనా సరే. పగుల్లో ఉంగరం ఇరుక్కుని ఒంటి బరువు దానిమీద పడితే తోలుతో పాటు వేలే ఊడొస్తుంది. చేతికి కంకణం, తాయెత్తు, గట్టి దారాలు ఉన్నా తీసి జేబులో పెట్టుకోండి. దేవుడు ఏమీ అనుకోడు.

నన్ను కొరికిన ఆ పగులు ఇంకా బాకీ ఉంది. కిందనుంచి పన్నెండు అడుగులు పిడికిలి, ఆ తర్వాత హ్యాండ్ జామ్, చివరి ఐదడుగులు గ్లౌజుతో చెయ్యి దూరదు. అంటే మధ్యలో ఒక చేత్తో వేలాడుతూ రెండో చేతి గ్లౌజు తియ్యాలి. నెలరోజులుగా ఇంట్లో తలుపు కమ్మీ పట్టుకుని, పళ్ళతో వెల్‌క్రో లాగడం ప్రాక్టీసు చేస్తున్నా. కుడిది వస్తోంది, ఎడమదే ఇంకా ఇరుక్కుంటోంది. వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం. ఉంటా మరి.